తొంభై ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చిన డిగ్రీ



2024 మే నెలలో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఒక విద్యార్థినికి ఆర్కిటెక్చర్ డిగ్రీ ఇచ్చింది. ఆమె అక్కడ చదువు పూర్తి చేసింది 1927లో. కన్నుమూసింది 1955లో. పేరు లిన్ హుయ్‌యిన్. చైనా వాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అంటే ఆమె లిన్ వారి అమ్మాయి, హుయ్‌యిన్ ఆమె పేరు. చైనాలో ఆధునిక ఆర్కిటెక్చర్ చదివి, ఆ వృత్తిలో నిలబడిన తొలి మహిళ ఆమె. కవయిత్రి కూడా. అక్కడ చదువుకున్నవాళ్ళలో ఆమె పేరు వినని వాళ్ళు అరుదు, మన దగ్గర తెలిసినవాళ్ళు అరుదు.

ఈ నెల ఈమె జీవితాన్నే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మనం పిల్లల కోసం పదేళ్ళకు, పదిహేనేళ్ళకు ముందే ప్లాన్ వేసుకుంటాం. ఏ స్కూలు, ఏ కోచింగ్, ఏ కోర్సు, ఆ తర్వాత ఏ దేశం అని. హుయ్‌యిన్ ఇంట్లో పెద్దవాళ్ళు కూడా అలాగే వేసుకున్నారు. పైగా వాళ్ళు మామూలు మనుషులు కాదు, మంత్రి పదవులు చేసినవాళ్ళు. అయినా వేసుకున్న ప్రతి ప్లాన్ కిందా నేల కదిలింది. ఒకసారి కాదు, ఐదారుసార్లు.

ఆమె 1904 జూన్ 10న హాంగ్‌జౌ నగరంలో పుట్టారు. అప్పటికి చైనాలో చక్రవర్తి పాలన. ఆ దేశంలో ప్రభుత్వ ఉద్యోగానికి ప్రధానమైన దారి పోటీ పరీక్ష. దాదాపు 1300 ఏళ్ళుగా సాగుతున్న పరీక్ష అది. మన సివిల్స్, ఐఐటీ కలిపినా దాని బరువుకు సరితూగవేమో. హుయ్‌యిన్ తాతగారు అందులో అన్నిటికన్నా పై మెట్టు గెలిచిన మనిషి. నాన్న లిన్ చాంగ్‌మిన్ మొదటి మెట్టు గెలిచి, ఇక ఆ చదువుతో లాభం లేదనుకుని, జపాన్ వెళ్ళి వసేదా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆయన అంచనా తప్పలేదు. 1905లో, పాపకు ఏడాది నిండగానే, ప్రభుత్వం ఆ పరీక్షను రద్దు చేసింది. ఏళ్ళ తరబడి దానికోసమే చదువుతున్న లక్షల మంది పిల్లల పరిస్థితి ఒక్కసారి ఊహించండి. ఒక ఉత్తర్వుతో సిలబస్ మొత్తం పోయింది. 1911లో విప్లవం వచ్చి, మరుసటి ఏడాదికి చక్రవర్తి కూడా పోయాడు.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. హుయ్‌యిన్ తల్లి ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చారు. చదువు రాదు, మగపిల్లాడు బతకలేదు. నాన్న మరో పెళ్ళి చేసుకున్నారు, కొత్త భార్యకు వరసగా పిల్లలు పుట్టారు. తల్లీకూతుళ్ళు ఇంటి వెనకవైపు ఉండేవారు. నాన్నకు ఈ కూతురంటే ప్రాణం, కానీ కూతురి తల్లి అంటే పట్టదు. పిల్ల ఇద్దరినీ ప్రేమించింది. ఆ నలుగుబాటు ఆమె రచనల్లో చివరిదాకా కనిపిస్తుందని చదివినవాళ్ళు చెబుతారు. మేం టీచర్లం క్లాసులో చాలా చురుగ్గా ఉండే పిల్లల్ని చూసి ఇంట్లో అంతా బాగుందనుకుంటాం. అన్నిసార్లూ అది నిజం కాదు.

నాన్నకు ఒక ప్రాణమిత్రుడు ఉండేవారు, పేరు లియాంగ్ చిచావ్. చైనా ఆధునిక చరిత్రలో చాలా పెద్ద పేరు. 1898లో యువ చక్రవర్తితో కలిసి పాలనలో సంస్కరణలు తేబోయిన బృందంలో ముఖ్యుడు. వంద రోజులు తిరిగేసరికి రాజమాత సీషీ ఆ ప్రయత్నాన్ని అణచివేసింది. ఆరుగురి తలలు తీశారు. లియాంగ్ ప్రాణాలతో జపాన్ పారిపోయి, సుమారు పద్నాలుగేళ్ళు ప్రవాసంలో ఉన్నారు. అందుకే ఆయన కొడుకు లియాంగ్ సిచెంగ్ 1901లో టోక్యోలో పుట్టాడు. పుట్టిన ఊరే రాజకీయం నిర్ణయించిన పిల్లాడు! రిపబ్లిక్ వచ్చాకే ఆ కుటుంబం ఇంటికి తిరిగొచ్చింది.

1919లో ఈ ఇద్దరు మిత్రులూ కలిసి చేసిన ఒక పని దేశాన్ని ఊపేసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పారిస్‌లో సంధి చర్చలు నడుస్తున్నాయి. షాన్‌డాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కులను చైనాకు కాకుండా జపాన్‌కు కట్టబెడుతున్నారని లియాంగ్ పారిస్ నుంచి తంతి పంపారు. లిన్ చాంగ్‌మిన్ ఆ విషయాన్ని మే 2న పత్రికలో రాసేశారు. మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పాఠ్యపుస్తకాల్లో మే నాలుగు ఉద్యమం అని చదివేది దాన్నే. ఆ వ్యవహారంలో పదవి పోగొట్టుకున్న నాన్న మరుసటి ఏడాది లండన్ వెళుతూ పదహారేళ్ళ కూతుర్ని వెంట తీసుకెళ్ళారు. లోకం చూడాలి, తన ఆలోచనలు దగ్గరుండి తెలుసుకోవాలి, ఇంటి చిన్నచిన్న గొడవల నుంచి కొన్నాళ్ళు దూరంగా ఉండాలి. ఇవీ ఆయన చెప్పిన కారణాలు. ఇల్లు కట్టడం కూడా ఒక కళ అనీ, చదువుకోదగిన విద్య అనీ అక్కడే హుయ్‌యిన్‌కు తెలిసింది. తిరిగొచ్చాక ఆర్కిటెక్చర్ చదువుతానంది. ఆమె మాట విన్నాకే సిచెంగ్ కూడా అదే ఎంచుకున్నాడు. పెద్దవాళ్ళు ఇద్దరినీ పరిచయం చేసి, పెళ్ళి నిర్ణయం పిల్లలకే వదిలేశారు. ఆ కాలానికి అది తక్కువ విషయం కాదు.

1923 మే 7న సిచెంగ్ మోటార్‌సైకిల్ మీద ఒక జాతీయ నిరసన ప్రదర్శనకు వెళుతుండగా ఒక అధికారి కారు గుద్దింది. కాలు విరిగింది. జీవితాంతం ఒక కాలు కాస్త పొట్టిగానే ఉండిపోయింది. అమెరికా ప్రయాణం ఏడాది వాయిదా పడింది. ఆ ఏడాది ఆగడం వల్లే మనకు సంబంధించిన ఒక సంగతి జరిగింది.

1924 ఏప్రిల్‌లో రవీంద్రనాథ్ టాగోర్ చైనా వచ్చారు. అంతకు ఐదేళ్ళ ముందు మన మదనపల్లెలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించింది ఆయనే కదా. బీజింగ్‌లో ఆయన పక్కన ఉండి సాయపడిన యువకుల్లో హుయ్‌యిన్ ఒకరు. మేలో ఆయన పుట్టినరోజు సందర్భంగా అక్కడి రచయితలు ఆయన నాటకం చిత్రను ఇంగ్లీషులో ప్రదర్శించారు. చిత్ర అంటే మరెవరో కాదు, మన భారతంలోని చిత్రాంగద, అర్జునుడి భార్య, బభ్రువాహనుడి తల్లి. ఆ వేషం వేసింది ఇరవై ఏళ్ళు నిండని హుయ్‌యిన్. రంగస్థలం మీద తెరలు, సెట్టింగు సిచెంగ్ చూసుకున్నాడు. మణిపుర రాజకుమారిగా ఒక చైనా అమ్మాయి, ముందు వరసలో టాగోర్! ఈ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కొద్ది వారాల్లో ఇద్దరూ అమెరికా వెళ్ళారు. పెన్సిల్వేనియాలో సిచెంగ్‌కు ఆర్కిటెక్చర్‌లో సీటు వచ్చింది. ఆయనకు ఆ దారి చూపించిన అమ్మాయికి రాలేదు. డ్రాయింగ్ హాల్లో మగపిల్లలతో పాటు రాత్రంతా కూర్చుని పని చేయాల్సి వస్తుంది కాబట్టి ఆడపిల్లలను ఆ విభాగంలో చేర్చుకునేవారు కాదు. ఆమె ఫైన్ ఆర్ట్స్‌లో చేరి, ఆర్కిటెక్చర్ కోర్సులు దాదాపు అన్నీ చదివారు. మార్కులు బాగా వచ్చాయి. ఎంత బాగా అంటే, తనను చేర్చుకోని ఆ విభాగంలోనే పాఠాలకు సహాయకురాలిగా పనిచేశారు. చేతికి ఇచ్చింది మాత్రం ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ.

చదువు మధ్యలో, 1925 డిసెంబరులో, నాన్న పోయిన వార్త వచ్చింది. అప్పుడు చైనాలో ప్రాంతానికొక సైనిక నాయకుడు రాజ్యమేలుతున్నాడు. ఈశాన్యాన్ని ఏలుతున్న జాంగ్ జువోలిన్‌పై అతని సేనాని ఒకరు తిరగబడితే, లిన్ చాంగ్‌మిన్ ఆ సేనాని పక్షాన చేరారు. తిరుగుబాటు ఓడింది, ఆయన కాల్పుల్లో చనిపోయారు. ఇంట్లో డబ్బు లేదు. చదువు మానేసి వచ్చేస్తానన్న హుయ్‌యిన్‌ను కాబోయే మామగారు ఆపారు. ఇకపై ఆమె తన కూతురే, ఖర్చు తనదే అని కొడుక్కి ఉత్తరాలు రాశారు. మాట నిలబెట్టుకున్నారు కూడా.

1928 మార్చిలో కెనడాలోని ఒట్టావాలో పెళ్ళి జరిగింది. సిచెంగ్ బావగారు అక్కడ చైనా కాన్సల్ జనరల్‌గా ఉన్నారు. పెళ్ళి దుస్తులు తనే డిజైన్ చేసుకున్నారు హుయ్‌యిన్. యూరప్ మీదుగా ఇంటికి చేరి షెన్యాంగ్‌లోని ఈశాన్య విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం మొదలుపెట్టారు. మొదట్లో అధ్యాపకులు భార్యాభర్తలు ఇద్దరే. చిత్రం ఏమిటంటే, ఆ విశ్వవిద్యాలయం అధిపతి జాంగ్ జువోలిన్ కొడుకే. ఆమె తండ్రి ఎవరి సైన్యం చేతిలో చనిపోయారో, ఆ ఇంటివారి కొలువులోనే ఆమె పాఠాలు చెప్పారు. 1929 జనవరిలో మామగారు పోయారు, ఆగస్టులో పాప పుట్టింది. తాతగారి చదువుగది పేరులో మంచు అనే అక్షరం ఉంది. పాపకు మళ్ళీ మంచు అనే అర్థం వచ్చేలా జైబింగ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ చలికి హుయ్‌యిన్‌కు క్షయ తిరగబెట్టింది. బీజింగ్ వచ్చేశారు. 1931 సెప్టెంబరులో జపాన్ సైన్యం షెన్యాంగ్‌ను పట్టుకోవడంతో విశ్వవిద్యాలయమే అక్కడ లేకుండా పోయింది.

అప్పటి నుంచి 1937 దాకా ఉన్న ఆరేళ్ళే ఆమెకు కాస్త నెమ్మది దొరికిన కాలం. ఇద్దరూ చైనా ప్రాచీన కట్టడాల పరిశోధనా సంఘంలో చేరారు. కంచర గాడిదల మీద, కాలినడకన, వానలో బురదలో పల్లెలు తిరిగి పాత గుళ్ళను కొలిచి బొమ్మలు గీశారు. 1932లో కొడుకు పుడితే, సోంగ్ కాలంలో శిల్పశాస్త్రం రాసిన లీ జియె బాటలో నడవాలని త్సోంగ్‌జియె అని పేరు పెట్టారు. ఈ పిల్లాడి సంగతి తర్వాత చెబుతాను.

చైనాలో థాంగ్ కాలపు చెక్క కట్టడం ఒక్కటీ మిగల్లేదనీ, చూడాలంటే జపాన్‌లోని నారాకు రావాల్సిందేననీ అప్పటి జపాన్ పండితుల మాట. 1937 వేసవిలో ఈ దంపతులు వుతాయ్ కొండల్లోని ఫోగువాంగ్ ఆలయం చేరారు. పైకప్పు లోపల అంగుళాల మందాన దుమ్ము, వేల గబ్బిలాలు, నల్లులు. ముక్కులకు గుడ్డ కట్టుకుని రోజుల తరబడి దూలాల మీద పాకుతూ కొలతలు తీశారు. హుయ్‌యిన్‌కు దూరపు చూపు బాగుంటుంది. ఒక దూలం అడుగున మసకగా అక్షరాలు ఉన్నట్టు కింద నుంచి ఆమే పసిగట్టారు. కడిగి చూస్తే, ఆలయం కట్టించిన దాత పేరు. ఒక స్త్రీ. అదే పేరు బయట రాతి స్తంభం మీద సంవత్సరంతో సహా ఉంది. అది క్రీ.శ. 857. థాంగ్ కాలపు గుడి దొరికింది! ఆ దాత విగ్రహం గుడిలో ఒక మూలన వినయంగా కూర్చుని ఉంటుంది. తన బొమ్మ కూడా ఆమె పక్కన పెడితే ఎంత బాగుండునో అని హుయ్‌యిన్ ముచ్చటపడ్డారట.

ఆ ఆనందం ఎంతసేపు? కొండ దిగి వచ్చాక పాత వార్తాపత్రికలు చేతికొచ్చాయి. జూలై 7న బీజింగ్ దగ్గర జపాన్‌తో యుద్ధం మొదలైపోయింది. ఎనిమిదేళ్ళ జైబింగ్ అప్పుడు బంధువులతో సముద్రం ఒడ్డున ఉంది. తల్లి ఆమెకు ఉత్తరం రాసి గుడి కబుర్లన్నీ చెప్పారు, యుద్ధం గురించీ దాచకుండా చెప్పారు, భయపడొద్దన్నారు. చిన్నపిల్లే కదా అని కప్పిపుచ్చలేదు. ఇది నాకు చాలా నచ్చిన విషయం. మన పిల్లలు కూడా మనం చెప్పేదానికన్నా ఎక్కువే గ్రహిస్తారు.

తర్వాత తొమ్మిదేళ్ళు పరుగే. ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు, నడుముకు ఇనుప పట్టీ వేసుకున్న భర్త. చాంగ్షాలో వాళ్ళున్న ఇంటి మీదే బాంబు పడితే వెంట్రుకవాసిలో బయటపడ్డారు. కున్మింగ్ దారిలో ఆమెకు న్యుమోనియా వచ్చింది, బసలో ఖాళీ లేదు. వయొలిన్ పాట వినిపించిన గది తలుపు తడితే లోపల ఎనిమిది మంది వైమానిక దళ శిక్షణార్థులు. వాళ్ళు చోటిచ్చారు. తర్వాత కున్మింగ్‌లో ఈ ఇంటికే వచ్చి పోయేవారు. వాళ్ళ పట్టా ప్రదానానికి తల్లిదండ్రుల స్థానంలో వెళ్ళింది వీళ్ళే. యుద్ధంలో ఆ కుర్రాళ్ళు ఒక్కొక్కరే చనిపోయారు. ప్రతిసారీ వాళ్ళ సామాను మూట ఈ ఇంటికే వచ్చేది. హుయ్‌యిన్ తమ్ముడు కూడా పైలట్టే. 1941లో చెంగ్డూ ఆకాశంలో నేలకూలాడు.

చివరికి చేరింది సిచువాన్‌లో యాంగ్‌జీ నది ఒడ్డున లీజువాంగ్ అనే పల్లె. కరెంటు లేదు, మందులు లేవు. సిచెంగ్ పెన్ను, వాచీ తాకట్టు పెట్టి బియ్యం, కూరలు తెచ్చేవారు. తియాన్‌జిన్‌లో ఒక బ్యాంకు లాకర్‌లో భద్రం చేసిన ఏళ్ళ నాటి ఫిల్ములు, కొలతల కాగితాలు 1939 వరదల్లో పాడైపోయాయని తెలిసి ఇద్దరూ ఏడ్చారు. ఆమె మంచం దిగలేని స్థితి. ఆ మంచం నిండా పుస్తకాలు పరుచుకుని, భర్త రాస్తున్న చైనా వాస్తు చరిత్రకు సామగ్రి వెతికి, దిద్ది, కొన్ని భాగాలు తనే రాశారు. అమెరికా మిత్రులు వచ్చేయమని పిలిచారు. వెళితే వైద్యం దొరికేది. కష్టంలో ఉన్న దేశాన్ని వదలమన్నారు ఇద్దరూ. జపాన్ వాళ్ళు ఇక్కడికీ వస్తే ఏం చేద్దామని కొడుకు అడిగితే, ఇంటి ముందే నది ఉంది కదా అన్నారట తల్లి. పదేళ్ళు దాటిన పిల్లాడికి ఆ జవాబు సరైనదేనా? నాకైతే ఇప్పటికీ ఒక పట్టాన తేలదు. ఆ పరిస్థితి మనకు రాలేదు కాబట్టి తీర్పు చెప్పే హక్కూ లేదనిపిస్తుంది.

1946లో బీజింగ్ తిరిగొచ్చి చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విభాగం స్థాపించారు. 1947 చివర్లో ఆమెకు ఒక కిడ్నీ తీసేశారు. అంతలో అంతర్యుద్ధం. కమ్యూనిస్టు సైన్యం నగరాన్ని చుట్టుముట్టినప్పుడు వాళ్ళ మనుషులు ఈ ఇంటికి వచ్చి, మ్యాపు పరిచి, దాడి చేయాల్సి వస్తే వేటి మీద గుండు పడకూడదో గుర్తు పెట్టమని అడిగారు. జీవితమంతా పాత గోడల కోసమే బతికిన దంపతులకు అంతకన్నా ఏం కావాలి? ఉండిపోయారు. జైబింగ్ చదువు వదిలి ఆ సైన్యంతోనే దక్షిణానికి వెళ్ళింది. ఇక లీ జియె పేరు పెట్టుకున్న కొడుకు చింగ్‌హువా ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష రాసి, కొద్ది మార్కుల తేడాలో సీటు పోగొట్టుకున్నాడు. విభాగాధిపతి నాన్నే! అయినా సీటు రాలేదు. చరిత్ర చదువుకున్నాడు. ఆ త్సోంగ్‌జియె పెద్దయ్యాక 1994లో చైనాలోని తొలి పర్యావరణ స్వచ్ఛంద సంస్థల్లో ఒకదాన్ని స్థాపించారు.

కొత్త ప్రభుత్వం ఆమెను గౌరవించింది. జాతీయ చిహ్నాన్ని రూపొందించిన చింగ్‌హువా బృందంలో ఆమె ముఖ్యురాలు. 1950 జూన్‌లో దాన్ని ఆమోదించిన సభలో లేచి నిలబడే ఓపిక కూడా ఆమెకు లేదు. తియనాన్‌మెన్ కూడలిలోని అమరవీరుల స్తూపం పీఠం మీద పూల నగిషీలు ఆమె గీసినవే. అంతరించిపోతున్న రాగి మీనాకారీ పనివాళ్ళకు కొత్త నమూనాలు గీసిచ్చి ఆ కళను నిలబెట్టారు.

అదే ప్రభుత్వంతో బీజింగ్ కోసం పోరాడి ఓడిపోయారు. కొత్త కార్యాలయాలన్నీ పాత నగరానికి పడమట, బయట కట్టమని సిచెంగ్ ఒక నగర ప్రణాళికా నిపుణుడితో కలిసి 1950లో ప్రణాళిక ఇచ్చారు. తోసిపుచ్చారు. నగరం చుట్టూ దాదాపు 40 కిలోమీటర్ల కోటగోడ ఉంది, దాని మీద పూలమొక్కలు, బెంచీలు పెట్టి ప్రజలకు పార్కు చేద్దామన్నారు. అదీ వినలేదు. ట్రాఫిక్‌కు అడ్డమని ద్వారాలు, గోడలు ఒక్కొక్కటిగా కూలగొట్టారు. 1953లో ఒక విందులో నగర ఉపమేయర్ ముందు హుయ్‌యిన్ వేలు చూపించి మరీ వాదించారు. క్షయతో గొంతు పోయిన మనిషి. నిజమైన పాత కట్టడాలను ఇప్పుడు పడగొట్టి, రేపు బాధపడి నకిలీవి కట్టుకుంటారని హెచ్చరించారు.

1955 మొదట్లో భార్యాభర్తలిద్దరూ క్షయతో ఒకే ఆసుపత్రిలో పక్కపక్క గదుల్లో చేరారు. బయట సిచెంగ్ వాస్తు సిద్ధాంతాల మీద అధికారిక విమర్శల దాడి మొదలవుతోంది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున ఆమె కన్నుమూశారు. వయసు 50. సమాధిని భర్తే డిజైన్ చేసి, స్తూపం కోసం ఆమె గీసిన నగిషీ నమూనా పలకను దాని మీద పెట్టించారు. సాంస్కృతిక విప్లవంలో కుర్రాళ్ళు వచ్చి సమాధి మీద పేరు చెక్కిన అక్షరాలు పగలగొట్టారు. ఆ రోజుల్లోనే నిందలు, అవమానాలు పడి సిచెంగ్ 1972 జనవరిలో పోయారు.

కూల్చిన నగర ద్వారాల్లో ఒకటి యోంగ్‌డింగ్‌మెన్, దక్షిణం వైపుది. 1957లో పడగొట్టారు. 2004లో అదే చోట కొత్తగా కట్టారు. పెన్సిల్వేనియా డిగ్రీ ఇచ్చిన రెండు నెలలకు, 2024 జూలైలో మన న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ వారసత్వ సమావేశం బీజింగ్ నగరపు నడిమి అక్షాన్ని యునెస్కో జాబితాలో చేర్చింది. ఆ అక్షం దక్షిణ కొసన నిలబడి ఉన్నది 2004లో కట్టిన ఆ ద్వారమే.